ఎరుపు ఒకటే, జబ్బులు వేరు

కన్ను ఎర్రబడితే కళ్లకలకే అనుకున్నాను. కళ్లకలకైతే ఇంట్లో ఉన్న చుక్కలు చాలనుకున్నాను. ఈ రెండు అనుకోవడాలూ కలిసి మా అత్తగారి కుడికంటి చూపును దెబ్బతీశాయి. మా శృంగవరపుకోట చుట్టుపక్కల చాలా ఇళ్లలో సగం వాడిన కంటి చుక్కల సీసా ఒకటి అలమరలోనో ఫ్రిజ్‌లోనో కనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

2023 వానాకాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలక పాకిపోయింది. మా అబ్బాయికి ఆ రోజుల్లోనే వచ్చింది. పొద్దున్న లేచేసరికి చిక్కటి పసుపుపచ్చ పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయేవి. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే గాని విడేవి కావు. కంటి డాక్టరుగారికి చూపించాం. ఆయన లైటు వేసి చూశారు. నొప్పి ఉందా, వెలుతురు చూడలేకపోతున్నాడా, చూపు మసకబారిందా, జలుబు చేసిందా, కంట్లో ఏమైనా పడిందా అని అడిగారు. బ్యాక్టీరియా వల్ల వచ్చినట్టుందని చెప్పి మాక్సిఫ్లాక్సాసిన్ చుక్కలు రాశారు. రోజుకు మూడుసార్లు, వారం పాటు వేయమన్నారు.

పుసి తొందరగానే తగ్గింది. కన్ను తెల్లబడగానే చుక్కలు మానిపించేశాను, మిగిలినవి దాచాను. వారం అన్నది ఆయన ఊరికే రాయలేదు. పైకి తగ్గినట్టు కనిపించినా లోపల మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ పెరగొచ్చు. అరకొరగా వాడిన మందుకు తట్టుకోవడం కూడా దానికి అలవాటవుతుంది. నాకప్పుడు ఇవేమీ పట్టలేదు. పిల్లాడికి నయం చేసింది ఆ సీసా అనుకున్నాను గాని, సీసా పేరు రాయడానికి ముందు డాక్టరుగారు చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా ఆడపడుచు కూతురు హాస్టల్ నుంచి ఎర్రటి కళ్లతో వచ్చింది. పుసి లేదు, ధారగా నీళ్లు. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది, దానికి తోడు గొంతునొప్పి. నేను అవే చుక్కలు వేశాను. తగ్గలేదు సరికదా, సీసా మూతి ఆ పిల్ల రెప్పలకు తగిలింది. అదే సీసాతో మా అబ్బాయికి మరోసారి వేశాను. వాడికి మళ్లీ కళ్లు ఎర్రబడ్డాయి. ఈసారి డాక్టరుగారు చూసి, ఇది వైరస్ వల్ల వచ్చింది, దీని మీద యాంటీబయాటిక్ పనిచేయదు, తనంతట తనే తగ్గాలి అన్నారు.

ఆ ఏడాది పాకినవాటిలో ఎక్కువ అలాంటివేనట. ఊళ్లకు ఊళ్లను చుట్టేసే కళ్లకలక తరచూ వైరస్‌దే. 1969లో ఘనాలో ఇలాగే ఒకటి మొదలైంది. మనుషులు చంద్రుడి మీద కాలుపెట్టిన రోజులు కావడంతో జనం దాన్ని అపోలో జబ్బు అన్నారు. 1971లో బెంగాల్‌లో వచ్చినదానికి జై బంగ్లా అని పేరు పడింది. అవేవీ యాంటీబయాటిక్ చుక్కలకు లొంగే రకం కాదు.

ఇంత తెలిశాక కూడా ఆ సీసా పారేయలేదు. అసలు తప్పు అక్కడ జరిగింది.

కుప్ప నూర్పుల వేళ కళ్లంలో మా అత్తగారి కంట్లో వడ్ల పొట్టు పడింది. నలుపుకుంది. మర్నాటికి కన్ను ఎర్రగా ఉంది. "ఆ సుక్కలే ఎయ్యమ్మా, గుంటడికి తగ్గింది గదా" అంది. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే అని ఆమె నమ్మకం. వేశాను. తెరిచిన నెల తర్వాత ఆ చుక్కలు వాడకూడదన్న సంగతి కూడా చూడలేదు. నొప్పి తగ్గకపోతే మందుల షాపుకెళ్లి, చీటీ లేకుండానే, కళ్లకలకకు గట్టి మందు ఇమ్మని అడిగి తెచ్చాను. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. అది వేశాక ఎరుపు కాస్త తగ్గింది, నొప్పి నెమ్మదించింది. మేం సంతోషించాం. ఈలోపు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది.

విశాఖపట్నం తీసుకెళితే అక్కడ కంటి డాక్టర్లు నల్లగుడ్డు మీద పుండు నుంచి కొంచెం గీకి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్ అన్నారు. వరి ఆకు కోసుకున్నా, పొట్టు పడినా, కొమ్మ గుచ్చుకున్నా పొలం పనివాళ్లకు ఇది వస్తుంది. దక్షిణ భారతంలో నల్లగుడ్డు పుండ్లలో పెద్ద వాటా ఫంగస్‌దే. బ్యాక్టీరియా మందుకు అది చావదు. స్టెరాయిడ్ పడితే ఒంటికి ఉండే రక్షణ తగ్గి అది ఇంకా లోపలికి పాకుతుంది. పైకి ఎరుపు తగ్గుతుంది కాబట్టి మనకు తెలియదు. పాలలా తెల్లగా ఉండే నాటామైసిన్ చుక్కలు పగలంతా గంటగంటకూ వేశాం. పుండు మానడానికి వారాలు పట్టింది. మానిన చోట పువ్వు మిగిలిపోయింది. ఇప్పుడామె ఆ కంటితో మనుషుల ముఖాలు పోల్చుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోయినా ఆ భారం నాదే.

నేర్చుకున్నవి చెబుతాను. చిక్కటి పుసి, రెప్పలు అతుక్కోవడం బ్యాక్టీరియా గుర్తులు. నీళ్లు కారడం, జలుబు వైరస్‌వి. రెండు కళ్లూ విపరీతంగా దురదపెడితే ఎలర్జీ కావచ్చు. అయినా వీటిని బట్టి మనమే మందు తేల్చుకోకూడదు. గట్టి నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసకబారడం, తెల్ల మచ్చ, కంట్లో ఏదైనా పడ్డాక వచ్చిన ఎరుపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మామూలు కళ్లకలక అనుకోవద్దు.

డాక్టరు చుక్కలు రాస్తే చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, సీసా మూతి ఎక్కడా తగలకుండా ఒక్క చుక్క వేయాలి. కంట్లో అంతకుమించి పట్టదు, రెండో చుక్క చెంప మీదికి కారిపోతుంది. కళ్లు మూసుకుని ముక్కు పక్క మూలను ఓ నిమిషం నొక్కి పట్టాలి. రెండు మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. రాసినన్ని రోజులూ వేయాలి. ఒకరి సీసా మరొకరికి వద్దు. కళ్లకలక చూపులతో అంటదు, చేతులతో, తువ్వాళ్లతో, దిండు గలీబులతో అంటుతుంది. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కటే ఇంటిల్లిపాదికీ తిరిగితే జబ్బూ దానితోనే తిరుగుతుంది.

డబ్బా మీద ఎర్రగీత ఉందంటే చీటీ లేకుండా వాడకూడని మందని అర్థం. నేను అడగబట్టే షాపతను ఇచ్చాడు, కాబట్టి అడగడం మానాల్సింది ముందు మనమే.

కోతల్లో, నూర్పుల్లో కంట్లో ఏదైనా పడి ఎర్రబడితే ఆ రోజు కూలి పోతే పోనివ్వండి. విజయనగరమో విశాఖో, కంటి డాక్టరు ఉన్న చోటికి ఆ రోజే బయల్దేరండి. వెళ్లే ముందు ఇంట్లో పాత చుక్కల సీసా ఉంటే పారేయండి. అది ఉన్నంతకాలం ప్రయాణం రేపటికి వాయిదా వేయాలనిపిస్తూనే ఉంటుంది.