గ్రహణం మొర్రి: తల్లిపై మోపిన నింద

పెదవి చీలికతో పుట్టిన బిడ్డను మన తెలుగునాట ‘గ్రహణం మొర్రి’ బిడ్డ అంటారు. ఆ పేరులోనే ఒక నింద దాగి ఉంది. తల్లి గ్రహణ వేళ బయటికి వచ్చిందనీ, కత్తి పట్టిందనీ, అందుకే బిడ్డ ఇలా పుట్టాడనీ దాని భావం. తౌహీద్‌ను విశ్వసించే ఇళ్లలో సైతం ఈ మాట చెల్లుబాటు కావడం విచారకరం.

2026 జనవరి చివర మేడారం జాతర ముగిశాక, అక్కడ చిన్న దుకాణం నడుపుకునే ఒక కుటుంబం మా వద్దకు వచ్చింది. నవంబరు నెలాఖరున నెలలు నిండి పుట్టిన పసివాడికి పై పెదవి చీలి ఉంది. “గ్రహణం నాటి రాత్రి వద్దన్నా వినకుండా కూరగాయలు కోసింది మౌల్వీ సాబ్! ఏదైనా తావీజు ఇవ్వండి” అన్నారు అత్తగారు. కోడలు తల ఎత్తలేదు.

మేము వేళ్లపై లెక్కించి చూపాము. ఆ చంద్రగ్రహణం 2025 సెప్టెంబరు 7న పట్టింది. అప్పటికి ఆ తల్లికి ఏడో నెల. గర్భస్థ శిశువు ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి నడుమ కలుస్తుంది. పై పెదవి 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య అతుక్కుంటాయి. అతుక్కోని చోట చీలిక మిగులుతుంది. అంటే ఈ బిడ్డ పెదవి సంగతి ఏప్రిల్ దాటకముందే తేలిపోయింది. సెప్టెంబరు గ్రహణం దాన్ని ఎలా చీల్చగలదు? తావీజుకు బదులు ఆ కుటుంబాన్ని ఆశా కార్యకర్త వద్దకు పంపాము.

ధర్మం ఈ మాట ఏనాడో తేల్చింది. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన (స) ఆ భ్రమను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమూ పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ బోధించి, నమాజు వైపు మళ్లించారు.

మరి అసలు కారణాలేమిటి? చాలా సందర్భాలలో ఫలానా అని చెప్పలేరు. వంశపారంపర్యం ఒకటి. గర్భవతి పొగ తాగడం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం అదుపులో లేకపోవడం, తొలి నెలల్లో వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ వంటి మూర్ఛ మందులు వాడడం ముప్పును పెంచుతాయి. అయితే మూర్ఛ మందులను సొంతంగా మానరాదు. గర్భానికి ముందే వైద్యునితో మాట్లాడి మార్చుకోవాలి. మేనరికాలకూ ఈ లోపానికీ సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు తెలుపుతున్నాయి. షరీఅత్ అనుమతించినది తప్పనిసరి అని కాదు. కుటుంబంలో మొర్రి ఉన్నప్పుడు వైద్యుని సలహా తీసుకోవడం వివేకం.

పురుషులు ఒక సంగతి గమనించాలి. మేడారం చుట్టుపక్కల అడవుల్లో వేసవిలో సేకరించే తునికాకు బీడీగా మారి మన ఇళ్లకే తిరిగి వస్తుంది. ఇంట్లో భర్త వదిలే పొగ భార్య ఊపిరిలోకీ చేరుతుంది. కత్తి పట్టిందని కోడలిని నిలదీసే ఇంట్లో కొడుకు చేతి బీడీని అడిగేవారు ఉండరు!

ఆ తొలి వారాలలో చాలామందికి గర్భం నిలిచిన విషయమే తెలియదు. కాబట్టి జాగ్రత్త నిఖాహ్ నాటి నుంచే మొదలుకావాలి. బిడ్డను కోరుకునే స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యులు చెబుతారు. వెన్నుపాము లోపాలను తగ్గించడంలో దాని మేలు రుజువైంది. మొర్రి విషయంలో అంత గట్టి రుజువు లేకున్నా, మేలు ఉండవచ్చని కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

మొర్రితో బిడ్డ పుడితే నిరాశ తగదు. అంగిలి చీలిన పసివాడు రొమ్ము చీకలేకపోవచ్చు. అప్పుడు తల్లి పాలను పిండి, బిడ్డ తల ఎత్తి పట్టుకుని ఉగ్గుగిన్నెతో మెల్లగా పట్టాలి. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాదిన్నరలోపు శస్త్రచికిత్స చేస్తారు. ఆలస్యమైతే మాట స్పష్టత దెబ్బతింటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో ఈ లోపం ఉంది. స్మైల్ ట్రైన్ సంస్థ సహకారంతోనూ ఉచితంగా శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి.

మాతృగర్భాలలో రూపం దిద్దేవాడు అల్లాహ్‌యే. చికిత్సను సృష్టించినవాడూ ఆయనే. కనుక అత్తమామలారా, బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లండి, తల్లిని నిందించకండి. అల్లాహ్ మన సంతానానికి ఆరోగ్యాన్నీ, మన నాలుకలకు న్యాయాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.