అరిసెల క్రింది కథ – మా వేటపాలెపు ప్రయాణము

సంక్రాంతి నెలపట్టిన పిదప గృహిణులకు పుస్తకము చేతబట్టు తీరిక యుండదనుట అందరెరిగినదే. బియ్యము నానబోసినది మొదలు తడిపిండి జల్లించి, బెల్లపు పాకము దించువరకును కన్ను పొయ్యిమీదనే యుండవలెను. ఒక్క పుట చదివి వత్తమని ప్రక్కకు పోయితిమా, పాకము ముదిరి అరిసెలు రాళ్లగును. మా యింట తోడికోడండ్ర మిద్దరమును పుస్తకముల పిచ్చి గలవారమే. కావున మా అరిసెల సంగతి సోదరీమణులు ఊహించుకొందురు గాక!

ఇట్టి పనుల నడుమ తెనాలినుండి వేటపాలెము పోయివత్తుమన్నచో ఇంటి మగవారు ఊరకుందురా? అందుచే నొక వంక పన్నితిమి. వేటపాలెము జీడిపప్పునకు ప్రసిద్ధి. పండుగకు మంచిపప్పు కావలెను గదా యంటిమి. ఎవ్వరును కాదనలేదు. మా అత్తగారు మాత్రము ముసిముసి నవ్వు నవ్విరి. నిజమునకు మమ్ము పంపినది ఆమెయే.

ఆ కథ యిది. అత్తగారి తల్లిగారివద్ద పాత మాసపత్రికల కట్ట యొకటి యుండెడిదట. అందొక కథలో భర్త యలిగి రంగూను పోవును. భార్య యేండ్ల తరబడి యెదురుచూచును. తుదకు తపాలా బంట్రోతు జాబు తెచ్చి గుమ్మమున నిలుచును. అంతవరకే యున్నది. తరువాతి రెండాకులును లేవు. తొమ్మిదేండ్ల పిల్లయైన మా అత్తగారు, అరిసెల నూనె పీల్చుటకు కాగితము తెమ్మనగా, చేతికందిన ఆ యాకులను చింపి డబ్బా అడుగున పరచినారట!

“మా అమ్మ నన్నొక్క మాట యనలేదమ్మా. కాని ముగింపు తెలియకయే వెళ్లిపోయినది” అని ఆమె ప్రతి సంక్రాంతికిని తలచుకొందురు. ఇప్పుడామెకు చూపు మందగించినది. “మీరు చూచి వచ్చి నాకు వినిపింపుడు” అని యీ యేడు నోరు విడిచి అడిగిరి.

ఉదయపు పాసింజరులో బయలుదేరితిమి. బాపట్ల, చీరాల దాటి వేటపాలెమున దిగితిమి. 2022 వరకు ప్రకాశముజిల్లాలో నుండిన యీ యూరు ఇప్పుడు బాపట్లజిల్లాలో నున్నది. ఇచట మగ్గముల పనియు కలదు, జీడిపప్పు వ్యాపారమును కలదు. కాని పుస్తకప్రియులకు వేటపాలెమనగా సారస్వత నికేతనమే. 1918 లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారి పూనికతో నెలకొన్న గ్రంథాలయమిది. 1929 లో గాంధీమహాత్ముడు దీని భవనమునకు శంకుస్థాపన గావించెను. ఆయన చేతికర్ర యొకటి నేటికిని అచట భద్రముగా నున్నది. పట్టణములలోనైన అరుదగు పాత పత్రికల సంపుటములు ఇట్టి చిన్న యూర దొరకుటచే, పరిశోధకులు దూరదేశములనుండియు వత్తురు. మేము పరిశోధకులము కాము. పండుగపూట పిండివంటలు మాని వచ్చిన యిల్లాండ్రము. అయినను అచటివారు మమ్ము ఆదరముతో కూర్చుండబెట్టి, మేము చెప్పిన పత్రిక సంపుటములను తెచ్చి ముందుంచిరి.

ఆ పుటలు అప్పడములవలె పెళుసెక్కి యున్నవి. ఊపిరి బిగబట్టి త్రిప్పితిమి. కథకంటె ముందు తలనూనె ప్రకటనలును, ఊరగాయల విధానములును మమ్ము పట్టుకొన్నవి. “వదినా, ఇది చూడు” అని నేనొకటి, “అది చూడు” అని ఆమె యొకటి చదువుచుండగా రెండు గంటలు గడచెను. మూడవ సంపుటమున రంగూను కథ కానవచ్చినది! ఇద్దరకును గుండె దడదడలాడెను. ఒకరము మెల్లగా చదువ, ఒకరము వ్రాసికొంటిమి.

తిరిగి వచ్చునప్పుడు బండి బాపట్ల దాటిన పిదప జ్ఞప్తికి వచ్చినది, జీడిపప్పు కొనలేదని! చేయునదేమి? తెనాలి బజారులోనే కొని సంచిలో వేసికొని యింటికి పోయితిమి. మా మగవారు నాలుగు పలుకులు నోట వేసికొని “వేటపాలెపు పప్పు రుచియే వేరు” అని మెచ్చుకొనిరి. మేము తల లెత్తలేదు.

భోగినాటి రాత్రి వంటయింట కూర్చుండి అత్తగారికి ఆ ముగింపు చదివితిమి. పొరుగింటి ప్లీడరుగారు జాబు విప్పి చదివిపెట్టుదురు. భర్త వచ్చు వారము వచ్చుచున్నాడట. ఆమె సంతోషముతో కన్నీరు కార్చును. కథ సమాప్తము.

అత్తగారు కొంతసేపు మాటాడలేదు. “ఇంతేనా?” అనిరి. పిమ్మట మాకెన్నడు చెప్పని సంగతి చెప్పిరి. ఆకులు పోయిన పిదప వారి తల్లిగారు ప్రతి యేటను అరిసెలు వత్తుచు, పిల్లలకు ఆ కథ చెప్పి తానే ముగించెడివారట. ఆ ముగింపులో ఆ యిల్లాలు జాబును ఎవరిచేతను చదివింపదు. పెట్టెలో దాచి, అక్షరములు నేర్చుకొని, ఆరు నెలలకు తానే విప్పి చదువుకొనును. “అందేమున్నది?” అని పిల్లలడిగిన, “అది ఆమె జాబు. మనకెందుకు?” అనెడివారట.

“మా అమ్మయు పెండ్లియైన తరువాతనే అక్షరములు నేర్చినది” అని అత్తగారు పమిటచెంగుతో కన్నులొత్తుకొనిరి. అంతలోనే నవ్వి, “నేనా కాగితములు చింపకున్న అమ్మ కథ పుట్టకయే పోవును గదా! ఇన్నేండ్లు ఊరక బెంగపడితిని” అనిరి.

మేము వ్రాసికొని వచ్చిన ముగింపును ఆ పాత పత్రికలోనే ఉంచితిమి. దాని క్రింద అత్తగారు చెప్పుచుండ, వారి తల్లిగారి ముగింపును గూడ వ్రాసితిమి.

సోదరీమణులారా! అరిసెల క్రింద కాగితము పరచునపుడు ముందొకసారి చదివి చూడుడు. పాకము ముదిరిన ముదురనిండు.