ఆరవ మునుక

మా సంఘములో ఒక విశ్రాంత హవల్దారు గారున్నారు. పేరు వ్రాయను గాని, ఆయన అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను.

1987లో మన సైన్యము శ్రీలంకకు వెళ్లినప్పుడు జాఫ్నా దగ్గర ఆయన తొడకు తుపాకి గుండు తగిలెను. నెత్తురు చాల పోయినందున సైనిక వైద్యశాలలో ఇతరుల రక్తము ఎక్కించి బ్రదికించిరి. హెపటైటిస్ సి అను క్రిమిని శాస్త్రజ్ఞులు కనుగొన్నది 1989లో. అప్పటివరకు దానికొరకు రక్తమును పరీక్షించు మార్గము లోకములో ఎక్కడను లేదు. ప్రాణము నిలిపిన రక్తముతోనే ఆ క్రిమియు వచ్చినదని వైద్యులు తలంచిరి. అది 20 సంవత్సరములకు పైగా ఏ నొప్పియు లేకుండ కాలేయములో దాగియుండి, 2010లో వేరొక ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షలో బయటపడెను.

కాలేయము చెడినదన్న మాట పల్లెలో పొక్కగానే జనులేమందురో మీరెరుగుదురు. "మిలిటరీ క్యాంటీను రమ్ము ఊరికే పోతుందా?" అనిరి. ఆయన త్రాగుడెరుగడు. నేను పైకి అనలేదు గాని లోలోపల అనుకొంటిని. అంతటితో పోలేదు. సంఘపెద్ద యొకరు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ప్రభురాత్రి భోజనంలో పాత్ర ఆయనకు ఆఖరున ఇవ్వండి, పిల్లలు గలవాళ్లం" అనెను. మా గుడిలో పాత్ర ఒక్కటే. ఆ వ్యాధి కలిసి తినుటవలన గాని ఒక పాత్రలో త్రాగుటవలన గాని అంటదు. రక్తము ద్వారా వచ్చునది. ఒక్క నిమిషములో ఏ వైద్యునినైనను అడిగి తెలిసికొనదగిన సంగతి. నేను అడుగలేదు. రెండు నెలలు ఆయనకు కడపటనే ఇచ్చితిని. ఆయన సైనికుడు; వరుస మారినది కనిపెట్టకుండునా?

ఆ కాలపు చికిత్స కఠినమైనది. ఇంటర్‌ఫెరాన్ అను సూదిమందు వారమునకొకటి చొప్పున 24 వారములు, దానితోకూడ ప్రతిదినము మాత్రలు. సూదిమందు చల్లగా ఉండవలెను. ఆయన యింట ఫ్రిజ్ లేదు, మా యింట ఉండెను. కాబట్టి ప్రతి శనివారము సాయంకాలము ఆయన మా యింటికి వచ్చుట, సంఘములోని నర్సమ్మ పొట్టమీద సూది వేయుట, నా భార్య కాఫీ ఇచ్చుట వాడుకయాయెను. రాత్రికి చలిజ్వరము వచ్చెడిది. ఆదివారము ఆరాధనకు రాలేకపోయెడివాడు.

పదియవ వారమునాటికి మనిషి మారిపోయెను. చిన్నమాటకు కోపము, నిద్ర లేదు, భోజనము సహింపదు. జాఫ్నా వీధులు రాత్రులు కనబడుచున్నవని ఒకసారి నాతో అనెను. నేనేమి చేసితిని? సెమినరీలో నాలుగేండ్లు చదివినవాడను గదా! ఆరాధన మానినవారికి కలుగు నష్టమును గూర్చి, ఆయన కాఫీ చల్లారుచుండగా, ఒక ప్రసంగమే చేసితిని. "విశ్వాసం బలపడితే దిగులు దానంతటదే పోతుంది" అంటిని. ఆయన "సరే అయ్యగారూ" అని లేచిపోయెను.

తరువాతి గురువారము అర్ధరాత్రి ఆయన భార్య మా తలుపు తట్టెను. ఆయన పొలములోని బావి గట్టున, కాళ్లు లోపలికి వేలాడవేసికొని కూర్చుండెనట. "పిలిస్తే పలకడం లేదు, మీరు రండి అయ్యగారూ." పోయి ఆయన ప్రక్కన కూర్చుంటిని. నాకు ఒక్క మాటయు రాలేదు. రాకపోవుటయే మేలాయెను. ఏలీయా చావు కోరి బదరీవృక్షము క్రింద పడియున్నప్పుడు దేవదూత ప్రసంగింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి మరల నిద్రపోనిచ్చెను. ఆ భాగముమీద నేను మూడుసార్లు ప్రసంగించియుంటిని! తెల్లవారుజామున ఆయనయే కాళ్లు ఇవతలికి తీసికొని, "చలిగా ఉందండీ" అనెను.

ఉదయమే వైద్యుని యొద్దకు పోతిమి. "ఈ మందే దిగులు పుట్టిస్తుంది. నెల క్రిందటే ఎందుకు చెప్పలేదు?" అని ఆయన అడిగెను. ఆ దినముతో సూదులు ఆపివేసి, మనస్సునకు వేరొక మందు వ్రాసి, రాత్రులు ఒంటరిగా విడువవద్దనెను. క్రిమి అట్లే మిగిలెను. వాడని సూదిమందు చాల దినములు మా ఫ్రిజ్‌లోనే యుండి, తలుపు తీసినప్పుడెల్ల నాకు కనబడెడిది.

మరుసటి ప్రభురాత్రి భోజనమునాడు సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొని, పాత్ర ఆయనకు మొదట ఇచ్చి, తరువాత నేను త్రాగితిని. ఆ పెద్ద ఆ దినము త్రాగలేదు. రెండవ నెల త్రాగెను.

అమెరికాలో వియత్నాము యుద్ధమునకు వెళ్లివచ్చినవారిలో ఈ వ్యాధి ఇతరులలోకంటె ఎక్కువగా కనబడినదని తరువాత చదివితిని. దిగులు గలవారని అనేకులకు అక్కడ సూదిమందు ఇయ్యనేలేదట. అయితే కాలేయ వైద్యునితోపాటు మనస్సు సంగతి చూచువారును ఒకేచోట తోడుగా నున్నప్పుడు, అట్టివారును చికిత్స సాగింపగలిగిరి. ఇది చదివిననాడు నాకు అన్నము సహింపలేదు. ప్రతి శనివారము మా వరండాలో నర్సమ్మయు నేనును ఇరువురము ఉంటిమి గదా!

2016లో క్రొత్త మాత్రలు దొరికెను. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ అనునవి. 12 వారములు మ్రింగిన చాలును. జ్వరము లేదు, ఫ్రిజ్‌తో పని లేదు. అయినను మొదటి శనివారమే ఆయన మా వరండాకు వచ్చి కూర్చుండెను. ఈసారి నేను కాఫీ త్రాగుచు వింటిని. గుండు తగిలిననాడు తన ప్రక్కనున్న మలయాళీ కుర్రవాని సంగతి మొదటిసారి చెప్పెను. "నాకెక్కించిన నెత్తురు వాడికి అందలేదండీ" అనెను.

ఆరవ శనివారము ఇట్లడిగెను: "నయమానూ మిలిటరీవాడే గదా అయ్యగారూ. ఆరుసార్లు మునిగినా ఒంటిమీద ఏ మార్పూ లేకపోతే, ఇక గట్టెక్కి ఇంటికి పోదామనిపించి ఉండదంటారా?"

గ్రంథములో ఆ సంగతి లేదు. అతని దాసులు వెంట నుండిరని మాత్రమున్నది. నాకు తెలియదని చెప్పితిని.

మాత్రలు ముగిసిన మూడు నెలలకు చేసిన పరీక్షలో క్రిమి లేదని తేలెను. కాలేయమునకు పడిన మచ్చ యున్నది గనుక ఆరు నెలలకొకసారి వైద్యునికి చూపించుకొనుచున్నాడు. 2018 నుండి ప్రభుత్వము ఈ మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. అయినను మొన్న పొరుగూరి విశ్రాంత సైనికుడొకడు, ఊరివారేమందురోయని రక్తపరీక్షకే భయపడుచుండగా, హవల్దారు గారు అతనిని వెంటబెట్టుకొని పట్టణమునకు బయలుదేరెను. బస్సు దగ్గర "మీరూ వస్తారా అయ్యగారూ?" అని నన్నడిగెను. పోతిని. త్రోవ పొడుగున ముగ్గురము ఎక్కువ మాటలాడలేదు.