చెప్తే కొట్టవు కదా?

రాజుపాలెంలో ఓ పిల్లోడు. మూడో తరగతి. నాయన కువైట్‌లో ఉంటాడు. సాయంత్రం వీడియో కాల్‌లో ఆ ముఖం కనబడితేనే ఆ ఇంటికి పొద్దు గడిచినట్టు. అందుకే, 'ఆ సెల్లు తీసి అటక మీద పడేయండి' అనేవాళ్ల సలహా అక్కడ పనికిరాదు. కాల్ అయిపోగానే ఫోను వాడి చేతికొస్తుంది. గేమ్ మొదలు!

ఓరోజు ఆ గేమ్‌లో ఎవరో మెసేజ్ పెట్టారు. ఫొటో పంపితే కాయిన్లు ఇస్తామని. వాడు పంపలేదు. అలాగని ఎవరికీ చెప్పనూ లేదు. అంతకుముందు ఏదో నొక్కి రీచార్జి డబ్బులు పోగొడితే వీపు విమానం మోత మోగింది మరి. మూడో రోజు సంగటి ముద్ద పక్కకు నెట్టేస్తుంటే జేజి అడిగింది.

"ఏమైంది నాయనా?"

"చెప్తే కొట్టవు కదా జేజీ?"

జేజికి గేమ్ సంగతే తెలీదు. కాయిన్లంటే నిజం రూపాయి బిళ్లలే అనుకుంది. అయినా చెయ్యెత్తలేదు. "చెప్పినావు, మంచి పని చేసినావు. మీ అమ్మ రానీ" అంది. శనగ కోత నుంచి వచ్చిన అమ్మ ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసిపెట్టి, ఆ మనిషిని బ్లాక్ చేసింది.

ఫోను లాక్ ఎంత గట్టిగా పెట్టినా పిల్లలకు రెండ్రోజుల్లో పట్టుబడుతుంది. వచ్చి చెప్పే ధైర్యం మాత్రం, ఇంట్లో ఒక్కరైనా కొట్టకుండా వింటేనే వస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, పిల్లలకు ఆపదొస్తే 1098 ఉన్నాయి. ఆ నంబరు నొక్కాలన్నా సంగతి ముందు ఇంట్లో తెలియాలిగా!

మిగతా గుణాలు ఈ ఊళ్లో కొత్తగా నేర్పక్కర్లేదు. శనగ కాయ పట్టే రోజుల్లో పక్కవాళ్ల చేలో చెయ్యి పెడితే 'అడిగి పీకరా' అంటారు పెద్దలు. స్నేహితుడి ఫొటో ఇంకొకరికి పంపేముందూ అదే మాట. కుందూ ఏటికి పోతే ఒడ్డున నిలబడి 'అంతవరకే' అంటారు. ఫోనుకూ అలాంటి గట్టు ఒకటుండాలి. అన్నం దగ్గర వద్దు, పడక దగ్గర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకైతే రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

పెద్దలు తడబడేది నిజాయితీ దగ్గర. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరవాలంటే కనీసం 13 ఏళ్లుండాలి. ఎనిమిదేళ్ల పిల్లోడి కోసం పుట్టిన సంవత్సరం మార్చి కొట్టేదెవరు? ఇంట్లోవాళ్లే. వాడు పక్కనే నిలబడి చూస్తుంటాడు.

ఆ రాత్రి కాల్‌లో నాయనకు జరిగిందంతా పిల్లోడే చెప్పాడు. అవతల కాసేపు మాట లేదు.

"ఆ గేమ్‌లో నీ వయసెంతని ఉందిరా?"

"పద్దెనిమిది. పోయినసారి వచ్చినప్పుడు నువ్వే కదా నాయనా పెట్టింది!"