ధూళితో సహా విక్రయం

ఫ్రాన్స్ దేశీయుడైన రోజే బయ్యోన్ రవాణా వ్యాపారి. సేకరించిన పాత కార్లతో మ్యూజియం నెలకొల్పవలెనని ఆయన సంకల్పం. వ్యాపారం క్షీణించింది, కార్లు దశాబ్దాలపాటు షెడ్లలోనే మిగిలాయి. వాటిలో 1961 నాటి ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ ఒకటి, పూర్వం నటుడు అలైన్ డెలాన్‌ది, పాత పత్రికల కట్టల క్రింద లభించింది.

2015 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో దానిని యథాతథంగా, ధూళితో సహా విక్రయిస్తే 1 కోటి 60 లక్షల యూరోలకు పైగా పలికింది. ఆ మూల్యం దేనికి? రంగు ఎన్నిసార్లైనా పూయవచ్చు. తొలిరూపం మాత్రం ఒక్కసారే. దానిని కాపాడినది వైరాగ్యమనలేము, కేవలం ఉపేక్ష. మమకారమే ప్రబలమై ఉంటే మెరుగులు దిద్ది మూలాన్ని ఏనాడో మరుగుపరచేవారు. ఇక ఆ పరీక్ష కొన్నవానిది.