ఆఖరి పంటుకు ముందే

నరసాపురం వెళ్లినవారు వశిష్ఠ గోదావరి రేవు చూడకుండా తిరిగి రారు. ఊరి అంచున నది విశాలంగా పారుతుంది. ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి. ఈవలి ఒడ్డు పశ్చిమ గోదావరి జిల్లా, ఆవలి ఒడ్డు 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లా. రెంటినీ కలిపేది పంటు. మనుషులను, మోటారు సైకిళ్లను, కార్లను, కొబ్బరికాయల బస్తాలను ఒకేసారి ఎక్కించుకొని నది దాటించే వెడల్పాటి పడవ అది. దాటడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల ప్రయాణమే మాకు ఒక జీవితకాలపు పాఠం నేర్పింది. పాఠకులకు ప్రయోజనం కలగవచ్చునన్న ఆశతో దానిని ఇక్కడ రాస్తున్నాము.

నరసాపురం పాత ఓడరేవు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. ఐరోపా వర్తకులు కూడా ఇక్కడి వడ్రంగుల చేత ఓడలు చేయించుకొనేవారు. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం ఉండేది. ఆ ఊరి పేరుమీదనే ఒక రకం నూలు బట్టకు ప్రపంచమంతటా 'మడపోలం' అనే పేరు వచ్చింది. ఇంకొంచెం దక్షిణాన ఉన్న మచిలీపట్నం నుండి గోల్కొండ సుల్తానుల కాలంలో ఓడలు అరేబియా తీరానికి వెళ్లేవి. ఆ ఓడలన్నీ గాలికి కట్టుబడి నడిచేవి. గాలి అనుకూలించే రోజుల్లో రేవు విడిచిన ఓడకే గమ్యం దక్కేది. ఆ రోజులు దాటిపోతే మళ్లీ గాలి తిరిగేదాకా నెలల తరబడి నిరీక్షణే. అరబ్బీలో 'మౌసిమ్' అంటే నిర్ణీత కాలం, రుతువు. ఉర్దూలో మనం వాడే 'మౌసమ్' అదే. ఆంగ్లంలో 'మాన్సూన్' అయినదీ అదే. సముద్రయానానికీ, కాలనియమానికీ ఉన్న బంధం ఆ ఒక్క మాటలోనే దాగి ఉంది.

ఇక మా సంగతి. కొన్నేళ్ల క్రితం డిసెంబరు నెలలో ఒక ఆదివారం, మా బంధువులు మూడు కుటుంబాల వారితో కలిసి ఒక వ్యానులో నరసాపురం వెళ్లాము. పిల్లలకు సముద్రం చూపించాలన్నది ఒక ఉద్దేశం. రెండవది మాకు సంబంధించినది. మాకు చిన్ననాట ఖుర్ఆన్ పఠనమూ, నమాజు నియమాలూ నేర్పిన ఉస్తాద్ గారు వృద్ధాప్యంలో నరసాపురంలోనే తమ కుమార్తె ఇంట ఉంటున్నారు. ఆరోగ్యం బాగాలేదని తెలిసి ముందురోజే ఫోను చేశాము. "అసర్ తరువాత వస్తాము హజ్రత్" అన్నాము. "మగ్రిబ్‌కు ముందే రా బేటా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నారు.

ఉదయం పది గంటలకు వ్యానుతో సహా పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరాము. అక్కడి నుండి అంతర్వేది వైపు దారి కొబ్బరితోటల మధ్యగా, రొయ్యల చెరువుల పక్కగా సాగుతుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. దీపస్తంభం ఉన్నది. నది నీరూ సముద్రపు నీరూ కలిసే తావును అక్కడివారు 'అన్నాచెల్లెళ్ల గట్టు' అంటారు. మట్టిరంగు నీరు ఒక పక్క, నీలపు నీరు మరొక పక్క కనిపిస్తుంటే పిల్లలు ఆశ్చర్యపోయారు. తీపి నీటికీ ఉప్పు నీటికీ మధ్య అల్లాహ్ ఒక అడ్డుతెర ఉంచాడన్న ఖుర్ఆన్ బోధను వారికి అక్కడే వివరించాము. ఆ వివరణ బాగానే సాగింది. కాని గడియారం కూడా సాగుతూనే ఉంది.

మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరాలని మనసులో అనుకున్నాము. అనుకున్నాము గాని ఎవరికీ చెప్పలేదు. తోట నీడలో భోజనాలు ముగిసి, జుహ్ర్ చదివేసరికి మూడు దాటింది. పిల్లలు ఇంకొకసారి అలల దగ్గరకు పోతామన్నారు. ఒకరు గవ్వలు ఏరుకుంటున్నారు, ఒకరు ఎండుచేపల బేరంలో ఉన్నారు. అందరూ వ్యాను దగ్గర చేరి, అసర్ నమాజు కూడా అక్కడే చదువుకొని కదిలేసరికి నాలుగున్నర. రేవుకు చేరేసరికి అయిదు దాటింది. అప్పటికే వాహనాల వరుస రోడ్డు వెంట చాలా దూరం పెరిగి ఉన్నది. ఆదివారం సముద్రానికి వచ్చిన వారందరూ ఒకే సమయానికి తిరుగుముఖం పట్టారు. పైగా అది ఆటు సమయం. నీరు బాగా తీసి, పంటు ఒడ్డుకు ఆనడమే కష్టంగా ఉంది. ఒక్కొక్క విడతకు చాలా సేపు పడుతోంది.

మేము చేసిన అసలు పొరపాటు ఇక్కడ జరిగింది. కాలినడకన వచ్చినవారు వరుసతో పని లేకుండా పంటు ఎక్కుతూనే ఉన్నారు. వ్యానును డ్రైవరుకూ బంధువులకూ అప్పగించి మేమొక్కరమే వారితో కలిసి దాటి ఉంటే, మగ్రిబ్ అజాన్ నాటికి ఉస్తాద్ గారి ఎదుట ఉండేవారము. ఆవలి ఒడ్డున ఆటోలకు కొదవలేదు. ఆ ఆలోచన మాకు తట్టనే లేదు. తరువాతి విడత మనదే, ఇంకొక్క విడత, అనుకుంటూ నిలబడ్డాము. రేవు పక్కనే మగ్రిబ్ చదివాము. ఏడు గంటలకు కూడా మా ముందు పది బండ్లు ఉన్నాయి. చివరికి వ్యాను వెనుకకు తిప్పి రాజోలు మీదుగా దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరాము. ఎదురుగా దీపాలు కనిపిస్తున్న ఊరికి అంత చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది.

ఇంటికి తాళం వేసి ఉన్నది. పక్కింటి పెద్దాయన బయటకు వచ్చి చెప్పారు: "మగ్రిబ్ దాకా వాకిట్లో కుర్చీ వేయించుకొని మీ కోసమే చూశారు మౌల్వీ సాబ్. తరువాత ఆయాసం ఎక్కువైంది. గంట క్రితమే భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లారు." మేము భీమవరం చేరేసరికి ఆయనకు స్పృహ లేదు. ఫజ్ర్‌కు ముందే అల్లాహ్ పిలుపు వచ్చింది. మరునాడు జనాజా నమాజులో పాల్గొన్నాము, మట్టి ఇచ్చాము. ఆయన చెప్పదలచిన ఆ ఒక్క మాట ఏమిటో ఇక ఈ లోకంలో తెలియదు. నమాజుకు నిర్ణీత సమయాలు ఎందుకు ఉన్నాయో చిన్ననాడు మాకు మొదట బోధించినవారు ఆయనే.

ఇది విధి అని మమ్మల్ని ఓదార్చినవారు ఉన్నారు. మరణ ఘడియ విధే, సందేహం లేదు. కాని మూడున్నరకు బయలుదేరకపోవడం మా అలసత్వం. దానిని విధి మీదకు నెట్టడం న్యాయం కాదు. ఒంటెను కట్టకుండా అల్లాహ్ మీద భారం వేస్తానన్న వ్యక్తికి, ముందు ఒంటెను కట్టి ఆ తరువాత భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ప్రయాణంలో సమయాన్ని లెక్కవేసుకోవడం కూడా ఒంటెను కట్టడమే.

ఆ రోజు తరువాత మేము ఎక్కడికి వెళ్లినా కొన్ని నియమాలు పాటిస్తున్నాము.

మొదటిది, లెక్క చివరి నుండి మొదలుపెట్టాలి. "ఎన్నింటికి బయలుదేరుదాం?" అని ఉదయం నుండి లెక్కించకూడదు. "ఎన్నింటికి ఆవలి ఒడ్డున ఉండాలి?" అన్న ప్రశ్నతో వెనుకకు రావాలి. సాయంత్రం అయిదుకు నరసాపురంలో ఉండాలంటే నాలుగుకు రేవులో ఉండాలి. నాలుగుకు రేవులో ఉండాలంటే మూడుకు అంతర్వేది విడవాలి. మూడుకు విడవాలంటే రెండున్నరకు పిల్లలను పిలవడం ప్రారంభించాలి. ఇలా లెక్కిస్తే భోజనం ఎప్పుడు పెట్టాలో దానంతటదే తేలుతుంది.

రెండవది, దూరపు చోటును ముందు చూడాలి. దగ్గరి చోట్లను తరువాతకు ఉంచాలి. పొద్దు వాలేకొద్దీ రేవుకు దగ్గరవుతూ ఉండాలి. అప్పుడు ఆలస్యమైనా పోయేది ఒక చిన్న చోటు, పంటు కాదు.

మూడవది, ఆఖరి పంటును లెక్కలోకి తీసుకోకూడదు. దానికి ముందరి పంటే మన పంటు. ఆఖరిది అత్యవసరానికి మాత్రమే. వరద రోజుల్లో గోదావరి పెరిగినప్పుడు పంటును ఆపివేస్తారు గనుక ఉదయం దాటే ముందే రేవులో విచారించుకోవాలి. చుట్టుదారి ఏదో కూడా ముందే తెలుసుకొని ఉండాలి.

నాలుగవది, చంద్రుణ్ణి చూసుకోవాలి. సముద్రానికి దగ్గరగా ఉన్నందున నరసాపురం దగ్గర నదికి కూడా ఆటుపోట్లు ఉంటాయి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నెలవంక తొలి రోజుల్లోనూ, చాంద్రమాసం పద్నాలుగు, పదిహేను తేదీల చుట్టూ పోటు ఎక్కువగా లేస్తుంది, ఆటులో నీరు ఎక్కువగా తీస్తుంది. హిజ్రీ తేదీలు గోడమీద పెట్టుకున్న మన ఇళ్లలో ఇది తెలుసుకోవడం కష్టం కాదు. ఖుర్ఆన్ నెలవంకలను ప్రజలకూ హజ్జ్‌కూ కాల సూచికలుగా పేర్కొన్నది. జాలరి సోదరులు వాటిని చూసే వల వేస్తారు.

అయిదవది, ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశం. ఆ రోజు మాలో అమీరు లేడు. ప్రతి ఒక్కరూ ఇంకొకరు పిలుస్తారని ఎదురుచూశారు. సమయం చెప్పే అధికారం ఒకరికి ఉండాలి, ఆ మాట విని లేచే గుణం తక్కినవారికి ఉండాలి.

ఆరవది నమాజు. ప్రయాణంలో నమాజు భారం కాదు, అదే మన గడియారం. హనఫీ పద్ధతి పాటించేవారు జుహ్ర్‌ను దాని చివరి సమయంలోనూ, అసర్‌ను దాని తొలి సమయంలోనూ చదివితే ఒకే మజిలీలో రెండూ వాటి వాటి వేళల్లోనే పూర్తవుతాయి. నది మధ్యలో వేళ దాటిపోతుందేమోనన్న ఆందోళన ఉండదు.

ఈ నియమాలు చిన్న పంటుకే కాదు, పెద్ద ఓడకు కూడా వర్తిస్తాయి. 2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖపట్నానికి 'ఎంప్రెస్' అనే విహార నౌక వచ్చింది. 2023లో విశాఖ రేవులో విహార నౌకల కోసం ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు కూడా సెలవుల్లో ఇటువంటి నౌకలు ఎక్కుతున్నారు. ఓడవారే తీసుకువెళ్లే బృందంతో ఊరు చూడబోతే, ఆ బృందం ఆలస్యమైనా సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకొని వెళ్లినవారి కోసం ఆగదు. రేవు విడిచే గంట, దారిచూపే పైలటు వచ్చే గంట ముందే నిర్ణయమై ఉంటాయి. ప్రయాణికులు అందరూ ఎక్కవలసిన సమయం ఓడ కదిలే సమయానికి అరగంటో గంటో ముందే ఉంటుంది. ఓడ గడియారం ఒకటి, ఊరి గడియారం ఒకటి కావచ్చు. దుబాయికీ దోహాకూ మధ్య గంట తేడా ఉన్నది. చేతి గడియారం ఓడ సమయానికే ఉంచుకోవాలి. పాస్‌పోర్టు నకలు, ఆ రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు జేబులో ఉండాలి.

మన పెద్దలకు ఈ క్రమశిక్షణ కొత్త కాదు. 1995 వరకు ముంబయి నుండి జిద్దాకు హాజీల ఓడ నడిచింది. తెలుగు నేల నుండి వెళ్లేవారు రైలులో ముంబయి చేరి, ఓడ కదిలే రోజుకు ఎంతో ముందే ముసాఫిర్‌ఖానాలలో దిగేవారు. ఓడ యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చే వేళకు ఇహ్రామ్ ధరించి సిద్ధంగా ఉండేవారు. సముద్రం మధ్యలో కంటికి కనబడని ఆ హద్దును ఇహ్రామ్ లేకుండా దాటకూడదని వారు జాగ్రత్త పడేవారు.

రెండు సముద్రాల సంగమాన్ని వెదుకుతూ వెళ్లిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం) గాథ కహఫ్ సూరాలో ఉన్నది. చేప జారిపోయిన సంగతి చెప్పడం ఆయన వెంట ఉన్న యువకుడు మరచిపోయాడు. చేరవలసిన చోటును ఇద్దరూ దాటిపోయారు. తెలియగానే వారు తమ అడుగుజాడల వెంటనే వెనుకకు మళ్లారు. వారు వెదికిన మహనీయుడు అక్కడే దొరికాడు. మరపు మనిషికి సహజం, మళ్లి రావడానికి వ్యవధి ఉండడం అల్లాహ్ కారుణ్యం. కాని ప్రతిసారీ ఆ వ్యవధి దొరుకుతుందన్న హామీ మనకు లేదు.

నిరుడు మళ్లీ నరసాపురం వెళ్లాము. ఉస్తాద్ గారి సమాధి వద్ద దుఆ చేసి, మా విద్యార్థులతో రేవు దాటాము. ఈసారి అమీరుగా పదిహేనేళ్ల కుర్రవాడిని నియమించాము. సంగమం దగ్గర మేము ఇంకొంచెం సేపు నిలబడదామనుకుంటుండగా అతడు వచ్చి, "ఉస్తాద్, మూడైంది" అన్నాడు. వెంటనే లేచాము. ఎండ ఉండగానే పంటు ఎక్కి, అసర్ నమాజు నరసాపురం మస్జిదులో జమాఅత్‌తో చదివాము.