40 గంటల లెక్క

మా అన్నయ్య కూతురు నిన్న రాత్రి ఫ్లయింగ్ స్కూల్ ఫీజుల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.
"బాబాయ్, 40 గంటలే. గంట రేటుని 40తో గుణిస్తే సరిపోతుంది కదా!"

సరిపోదురా తల్లీ.

40 అనేది ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే కనీసం. చెయ్యి కుదరకపోతే 50, 60 కూడా అవుతాయి. పైగా లెక్క గాల్లోకి లేచాక మొదలవదు, సెస్నా విమానం చక్రం కదిలినప్పుడే మొదలు. రన్‌వే ఖాళీ అయ్యేదాకా ఇంజన్ తిరుగుతూ నిలబడ్డ పది నిమిషాలూ మన ఖాతాలోనే. వానలకి నెల గ్యాప్ వస్తే, వచ్చిన ల్యాండింగే మళ్ళీ నేర్చుకోవాలి. మెడికల్, పరీక్ష ఫీజులు వేరే.

ఇంతా చేసి, ఈ లైసెన్స్‌తో జీతానికి నడపకూడదు. దానికి కమర్షియల్ కావాలి, 200 గంటలు.

ఈ మాటకి మొహం చిన్నబోతుందనుకున్నా.
"తెలుసు బాబాయ్. ఒక్కసారి పక్కన ఎవరూ లేకుండా ఎగరాలని ఉంది" అంది, కాగితం మడతని వేలితో రుద్దుతూ.

నాకు గొంతు పట్టేసింది.

మొత్తం డబ్బు చేతిలో ఉన్నాకే మొదలుపెట్టు, స్కూలుకి మాత్రం విడతలుగానే కట్టు అన్నాను.

ఈ దారిలో వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి, మీకు నిజంగా ఎన్ని గంటలు పట్టింది?